నరం జవాబిచ్చింది సరే, పాపకి వినపడిందా? ఎన్‌ఆర్‌టీ టెస్టు మీద ఒక మైక్ సెట్ వాడి రివ్యూ

నేను తెనాలిలో మైక్ సెట్లు అద్దెకిస్తాను. పెళ్ళిళ్ళు, శ్రీరామనవమి పందిళ్ళు, వినాయక చవితి, ఎన్నికలొస్తే మీటింగులు. ఇరవై రెండేళ్ళుగా ఇదే పని. ఇప్పటిదాకా నేను రాసిన రివ్యూలు రెండే. ఒకటి ఒక యాంప్లిఫయర్ మీద, ఇంకోటి జనరేటర్ మీద. ఇది మూడోది. మా పాపకి వినపడేట్టు చెవిలో ఆపరేషన్ చేసి పెట్టిన కాక్లియర్ ఇంప్లాంట్‌కి చేసే ఒక టెస్టు గురించి. ఎన్‌ఆర్‌టీ అంటారు, న్యూరల్ రెస్పాన్స్ టెలిమెట్రీ. లోపలున్న ఇంప్లాంటే చెవి నరానికి కరెంటు ఇస్తుంది, ఆ నరం ఏం జవాబిచ్చిందో కూడా తనే రికార్డు చేసి బయటికి పంపుతుంది.

నిజానికి ఎన్‌ఆర్‌టీ అన్నది ఆస్ట్రేలియాలోని కాక్లియర్ కంపెనీ పెట్టుకున్న పేరు. ఆస్ట్రియా వాళ్ళ మెడ్-ఎల్‌లో దీన్నే ఏఆర్‌టీ అంటారు, అమెరికా వాళ్ళ అడ్వాన్స్‌డ్ బయోనిక్స్‌లో ఎన్‌ఆర్‌ఐ అంటారు. వనస్పతి ఏదైనా డాల్డా అయినట్టు మా పిల్లల తల్లిదండ్రుల మధ్య అన్నీ ఎన్‌ఆర్‌టీలే. మా పాపకి ఏ కంపెనీది పెట్టారో ఇక్కడ రాయను. నేను చెప్పేది మూడింటికీ వర్తిస్తుంది.

పాప సంగతి పదకొండో నెలలో బయటపడింది. షాపులో ఒక పాత యాంప్లిఫయర్ బాగుచేసి చూస్తున్నాను. మైకు తెచ్చి స్పీకరుకి ఎదురుగా పెట్టేసరికి కీచుమని కూత పెట్టింది. పక్క చెప్పుల షాపాయన చెవులు మూసుకుని బయటికొచ్చాడు. పాప మా అమ్మ ఒళ్ళో నిద్రపోతోంది. కదల్లేదు. అమ్మ నా వైపు చూసిన చూపులో అర్థమైంది, ఆవిడకి ముందే అనుమానం ఉందని. ఆ తర్వాత బెరా టెస్టు, అంటే నిద్రపుచ్చి తలకి వైర్లు అతికించి చేసే వినికిడి పరీక్ష, రెండు చెవుల్లోనూ తీవ్రమైన లోపం అన్నారు. "ఊరందరికీ వినపడేట్టు పెట్టేవాడి ఇంట్లో ఇదేం ఖర్మ" అని మా వీధిలో ఎవరో అన్నారు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటుంది గానీ, ఈ రివ్యూ దాని గురించి కాదు.

రెండేళ్ళ వయసులో ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది. ఎన్‌ఆర్‌టీ అనే మాట మొదటిసారి విన్నది ఆ రోజే. థియేటర్ బయట నేనూ మా ఆవిడా కూర్చుని ఉన్నాం. లోపల్నించి ఒకమ్మాయి లాప్‌టాప్ పట్టుకుని వచ్చి, "పెట్టేశారండీ, టెస్టు కూడా చేశాం. రెండు ఎలక్ట్రోడ్లు తప్ప అన్నిటికీ రెస్పాన్స్ వచ్చింది" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ "రెండు తప్ప" అన్న మాటతో మాకు మూడు నెలలు నిద్ర లేదు. ఒక బాక్సులో రెండు స్పీకర్లు పోతే సౌండు ఎలా ఉంటుందో నాకు తెలుసు కదా.

ఇక్కడే ఒక మాట చెప్పాలి. ఆపరేషన్ టేబుల్ మీద కొన్ని ఎలక్ట్రోడ్లకి జవాబు రాకపోతే అవి చచ్చిపోయినట్టు కాదు. అప్పుడే లోపలికి వెళ్ళిన తీగ పక్కన చిన్న గాలి బుడగ ఉన్నా కరెంటు సరిగ్గా పారదు. మా పాపకి ఆ రెండూ మూడో నెలలో మామూలుగా పలికాయి. ఈ ముక్క ఆ రోజే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. చెప్పడానికి అర నిమిషం పట్టదు.

ఇంప్లాంట్ ఎలా పనిచేస్తుందో తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా. చెవి వెనకాల ప్రాసెసర్, దానికి వైరుతో తలకి అతుక్కునే అయస్కాంతం కాయిల్. చర్మం కింద ఇంప్లాంట్, దాన్నించి నత్తగుల్ల లాంటి కాక్లియాలోకి దూర్చిన సన్నటి తీగ. ఆ తీగ మీద ఎలక్ట్రోడ్లు. కాక్లియర్ వాళ్ళ దానిలో 22, అడ్వాన్స్‌డ్ బయోనిక్స్‌లో 16, మెడ్-ఎల్‌లో 12. గుల్ల మొదట్లో ఉన్నవి కీచు స్వరాలకి, లోపలి చివర ఉన్నవి బొంగురు స్వరాలకి. లోపలి ముక్కకి బ్యాటరీ లేదు. కాయిల్ నుంచి చర్మం మీదుగా వచ్చే రేడియో తరంగాలతోనే నడుస్తుంది, చెప్పాల్సింది కూడా అదే దారిలో వెనక్కి పంపుతుంది.

ఆపరేషన్ అయిన కొన్ని వారాలకి స్విచ్ ఆన్. తర్వాత మ్యాపింగ్. అంటే ఏ ఎలక్ట్రోడ్‌కి ఎంత కరెంటు ఇస్తే పిల్లకి అప్పుడే వినపడడం మొదలవుతుంది, ఎంత ఇస్తే గట్టిగా ఉన్నా హాయిగా ఉంటుంది అని ఒక్కోదానికీ రెండు గీతలు గీయడం. కింది గీతని టీ లెవెల్ అంటారు, పై గీతని సీ లెవెల్ అంటారు. పెద్దవాళ్ళయితే నోటితో చెబుతారు. రెండేళ్ళ పిల్ల, అప్పటిదాకా శబ్దమంటే ఏంటో తెలియని పిల్ల, ఏం చెబుతుంది? అందుకే ఈ టెస్టు మీద అందరికీ అంత ప్రేమ. పిల్లని అడగక్కర్లేదు, నరాన్నే అడుగుతాం.

ఆ ప్రేమ ఎక్కువైన చోటికే మేం మొదట వెళ్ళాం. ఊరు పేరు, సెంటర్ పేరు వద్దు. ఏసీ బాగుంది, గోడ మీద కార్టూన్ బొమ్మలున్నాయి, అబ్బాయి మర్యాదగానే మాట్లాడాడు. పాప తలకి కాయిల్ పెట్టి, కంప్యూటర్‌లో ఆటో అన్న బటన్ నొక్కి, తన ఫోన్ చూసుకున్నాడు. తెర మీద ఒక్కో ఎలక్ట్రోడ్‌కీ ఒక అల గీసుకుంటూ పోయింది, పక్కన ఒక నంబర్ పడింది, ఎంత కరెంటు దగ్గర నరం జవాబు కనపడడం మొదలైందో చెప్పే నంబర్. నిమిషాల్లో అయిపోయింది. ఆ నంబర్లనే సీ లెవెల్స్‌గా వేసి, ఒక్కసారిగా లైవ్ చేశాడు.

పాప ఏడవలేదు. అదే నాకు భయమేసింది. బిగుసుకుపోయి, నా చొక్కా గుండీ పట్టుకుని, కళ్ళు టపటపా కొట్టుకుంది. "అలవాటైపోద్ది సర్, మొదట్లో అందరూ అంతే" అన్నాడు. ఇంటికొచ్చాక వంటింట్లో గరిటె కిందపడితే కళ్ళు గట్టిగా మూసుకునేది. గేటు చప్పుడు, అంతే. నాలుగో రోజు నుంచి కాయిల్ పెట్టబోతే చేతులు అడ్డం పెట్టడం మొదలుపెట్టింది. మూడు వారాలు ప్రాసెసర్ డబ్బాలోనే ఉంది. ఫోన్ చేస్తే, "మిషన్ చెప్పిన వాల్యూలే వేశాం సర్" అని ఒకటే సమాధానం. ఇరవై రెండేళ్ళు సౌండు చెక్ చేసినవాణ్ణి. మీటరు సరిగ్గా ఉందని చెప్పి, ముందు వరసలో జనం చెవులు మూసుకుంటుంటే పట్టించుకోనివాడికి నేను ఇంకోసారి పని ఇవ్వను.

తర్వాత విజయవాడలో ఒక ఆడియాలజిస్టు మేడం దగ్గరికి మారాం. పొద్దున రైల్లో వెళ్ళి సాయంత్రానికి తిరిగొస్తాం. ఆవిడ చిన్న క్లినిక్, రెండో అంతస్తు, లిఫ్టు లేదు. బయట నాలుగే కుర్చీలు, ఒకటి విరిగింది. అపాయింట్‌మెంట్ పదకొండింటికంటే పన్నెండున్నరకి పిలుస్తారు. ఈ కంప్లయింట్లు ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఆ తలుపు దాటాక నాకు కంప్లయింట్లు లేవు.

ఆవిడా మొదట మిషనే పెట్టారు. ముందు ఇంపిడెన్స్, అంటే కరెంటుకి ఎంత అడ్డు తగులుతోందో చూశారు. ఈ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది, మా సరుకు మాట ఇది. మా స్పీకర్లు ఎనిమిది ఓంలు. పాప ఎలక్ట్రోడ్లు కిలో ఓంలలో ఉన్నాయి. మరీ ఎక్కువుంటే తీగ తెగినట్టు, మరీ తక్కువుంటే రెండు కలిసిపోయి షార్ట్ అయినట్టు. కొన్నాళ్ళు వాడకుండా పక్కన పెడితే ఇంపిడెన్స్ పెరుగుతుందట, వాడటం మొదలుపెడితే మళ్ళీ దిగుతుందట. మూడు వారాలు డబ్బాలో పెట్టిన సంగతి మేం చెప్పకముందే ఆవిడ పట్టేశారు.

తర్వాత ఎన్‌ఆర్‌టీ. పాప మా ఆవిడ ఒళ్ళో కూర్చుని ఫోన్లో బొమ్మలు చూస్తోంది. బెరా టెస్టుకి లాగా నిద్రమందు తాగించక్కర్లేదు, తలంతా వైర్లు అతికించక్కర్లేదు. ఈ టెస్టులో నాకు బాగా నచ్చిన సంగతుల్లో ఇదొకటి. బెరా రోజు ఆ మందు తాగించడానికి మేం పడ్డ పాట్లు పగవాడికి కూడా వద్దు.

తెర మీద అల చూసి నేను ఊరుకోలేకపోయాను. "మేడం, ఒక డౌటు. కరెంటిచ్చేదీ ఆ తీగే, వినేదీ ఆ తీగే. మా పనిలో స్పీకరు పక్కనే మైకు పెడితే కూత తప్ప ఏమీ రాదు. ఇది నరం మాటో, మిషన్ కూతో మీకెలా తెలుసు?" ఆవిడ నా వైపు తిరిగి, "ఇది అడిగిన తండ్రి మీరే మొదలు" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. బయట ఇంకో ఇద్దరు వెయిట్ చేస్తున్నారు, వాళ్ళకి నా క్షమాపణలు.

ఆవిడ చెప్పింది నా మాటల్లో. ఒక ఎలక్ట్రోడ్ నుంచి చిన్న కరెంటు పోటు వెళ్తుంది. రికార్డు చేసేది అదే ఎలక్ట్రోడ్ కాదు, దాని పక్కన కొంచెం ఎడంగా ఉన్న ఇంకోటి. పోటు వోల్టుల్లో ఉంటుంది. నరం జవాబు మైక్రోవోల్టుల్లో, పదుల్లోనో వందల్లోనో. నా దగ్గరున్న మామూలు డైనమిక్ మైకు దగ్గరగా మాట్లాడితే మిల్లీవోల్టు ఇస్తుంది, ఇది అందులో ఎన్నో వంతో చూడండి. పైగా జవాబు పోటు పడిన 0.2 నుంచి 0.4 మిల్లీసెకన్ల మధ్య కిందికి ఒక గుంటలా వస్తుంది, ఆ వెంటనే పైకి ఒక గుట్ట. గుంటని ఎన్1 అంటారు, గుట్టని పీ2 అంటారు. మిల్లీసెకను గడిచేసరికి కథ ముగుస్తుంది. అంటే టపాకాయ పేలిన క్షణంలోనే పక్కనున్న చీమ ఏమందో వినాలి.

దానికి రెండు ఉపాయాలు. మొదటిది నాకు వెంటనే ఎక్కింది. పోటుని ఒకసారి సూటిగా, ఒకసారి తిరగేసి ఇస్తారు. స్పీకరు వైర్లు ప్లస్సు మైనస్సు మార్చినట్టు. మిషన్ కూత కూడా తిరగబడుతుంది. నరం మాత్రం ఎటునుంచి పొడిచినా ఒకే వైపు అరుస్తుంది. రెండు రికార్డులూ కలిపితే కూత కూతని కొట్టేసుకుంటుంది, నరం మాట మిగులుతుంది. రెండు స్పీకర్లలో ఒకదాని వైర్లు తిరగేస్తే బాస్ ఎలా మాయమవుతుందో నేను ప్రతి పెళ్ళి సీజన్‌లో కుర్రాళ్ళకి చూపిస్తుంటాను. అదే కిటుకు.

రెండోది ఇంకా తమాషాగా ఉంది. ఇప్పుడే తుమ్మినవాడు ఆ క్షణంలోనే మళ్ళీ తుమ్మలేడు కదా. నరం కూడా ఒకసారి జవాబిచ్చాక చాలా కొద్దిసేపు విశ్రాంతి తీసుకుంటుంది. అందుకని ముందు ఒక పోటు ఇచ్చి నరాన్ని తుమ్మించేస్తారు, వెంటనే ఇంకో పోటు ఇస్తారు. నరం ఊరుకుంటుంది కాబట్టి రెండో పోటు దగ్గర రికార్డయ్యేది ఉత్త మిషన్ కూతే. నరం మెలకువగా ఉన్నప్పటి రికార్డులోంచి ఈ కూతని తీసేస్తే మిగిలింది జవాబు. ఇలా పదుల సార్లు చేసి సగటు తీస్తారు.

"అయినా మిషన్ తప్పు చూపిస్తే?" అన్నాను. ఇంజనీర్లు ఇలాంటి ఎలక్ట్రోడ్ తీగని ఉప్పునీళ్ళ గిన్నెలో పెట్టి ఇదే టెస్టు నడుపుతారట. గిన్నెలో నరం లేదు. కాబట్టి అల రాకూడదు. వచ్చిందంటే అది మిషన్ సొంత కవిత్వం. ఇంత తేలికైన పరీక్ష విని నాకు నవ్వొచ్చింది. మైకు కేబుల్ తీసేసినా మిక్సర్‌లో హమ్మింగ్ వస్తుంటే తప్పు మైకుది కాదని మేం తేల్చుకోమా?

ఇది కొత్త సంగతి కూడా కాదట. అమెరికాలో అయోవా యూనివర్సిటీలో కెరొలిన్ బ్రౌన్, పాల్ ఆబస్, బ్రూస్ గాంట్జ్ అనేవాళ్ళు 1990లోనే మనుషుల్లో ఈ నరం జవాబుని రికార్డు చేసి చూపించారు. అప్పుడు వాళ్ళు వాడింది ఇనరెయిడ్ అనే ఇంప్లాంట్, దానికి చర్మం బయటికి ప్లగ్గు ఉండేది, నేరుగా వైరు తగిలించేవాళ్ళు. తర్వాత ఆ దశాబ్దంలోనే రికార్డు చేసే సరంజామా ఇంప్లాంట్ లోపలికే వచ్చేసింది. 2005 ప్రాంతంలో అది ఆటోమేటిక్ అయింది. మాకు తగిలిన ఆటో బటన్ అక్కణ్ణించి వచ్చిందన్నమాట.

అసలు సంగతి తర్వాత జరిగింది. మేడం మిషన్ చెప్పిన నంబర్లు చూసి, వాటి వరస ఆకారాన్ని ఉంచి, మొత్తాన్ని బాగా కిందికి దించేశారు. ఎందుకంటే ఎన్‌ఆర్‌టీలో పోట్లు మామూలుగా సెకనుకి 80 ప్రాంతంలో పడతాయి. రోజూ వినే ప్రోగ్రాములో ఒక్కో ఎలక్ట్రోడ్ మీద వందల్లో, కొన్నిట్లో వెయ్యికి పైన. డప్పు మీద ఆగి ఆగి ఒక్కో దెబ్బ వేయడానికీ, తీన్‌మార్ వాయించడానికీ చెవికి తేడా ఉండదా? అందుకే ఎన్‌ఆర్‌టీ నంబర్ ఎక్కువమందికి టీ, సీ గీతల మధ్య ఎక్కడో పడుతుంది. కొంతమంది పిల్లల్లో సీ గీతకి పైన కూడా పడుతుంది. మా పాప ఆ రెండో రకం. దాన్నే సీ లెవెల్‌గా వేసిన మహానుభావుడికి ఇది తెలియదో, తీరిక లేదో.

అప్పుడు గోళీల ఆట. ఒక స్టీలు గిన్నె, పది గోళీలు. చప్పుడు వినపడితే గోళీ గిన్నెలో వేయాలి. నేర్పడానికి మూడు విజిట్లు పట్టింది. మొదటి రెండుసార్లు గోళీలు నోట్లో పెట్టుకోబోయింది, ఒకసారి మేడం మీదికి విసిరింది. ఆవిడ విసుక్కోలేదు. మూడోసారి ఒక ఎలక్ట్రోడ్ మీద కరెంటు కొంచెం కొంచెం పెంచుతుంటే, పాప ఉన్నట్టుండి ఆగి, పైకి చూసి, గోళీ వేసింది. మళ్ళీ చేస్తే మళ్ళీ వేసింది. అది మిషన్ ఇచ్చిన నంబర్‌కి చాలా కింద. అంతే కరెంటు మీద ఎన్‌ఆర్‌టీ నడిపి నాకు చూపించారు. గీత చదునుగా ఉంది. నరంలోని పోగుల్లో కొన్ని పలికితే చాలు పాపకి వినపడుతుంది గానీ, మిషన్ చూడగలిగే అల లేవాలంటే చాలా పోగులు ఒక్కసారి పలకాలి. మా ఆవిడ గిన్నె కేసి చూస్తూ, "ఏమండీ, మిషన్ కంటే ముందు విన్నదా ఇది?" అంది. అవునన్నాను.

ఆ రోజు నుంచి పాప కాయిల్ తీయలేదు. రాత్రి పడుకున్నాక మేమే తీసి డ్రై బాక్సులో పెడతాం.

అలాగని టెస్టుకి తక్కువ మార్కులేస్తానని అనుకోకండి. పోయిన వేసవిలో పాప మా పందిరి గుంజ మీంచి పడింది. తల కొట్టుకుంది, వాపు లేదు గానీ సాయంత్రం నుంచి పిలిస్తే పలకలేదు. ఇంప్లాంట్ పోయిందనే అనుకున్నాం. పోతే మళ్ళీ ఆపరేషనే. మర్నాడు పొద్దున విజయవాడ. మేడం తమ దగ్గరున్న కాయిల్ పెట్టి ఇంపిడెన్స్, ఎన్‌ఆర్‌టీ తీసి, ఆరు నెలల కిందటి రికార్డు పక్కన పెట్టారు. అలలు అచ్చు గుద్దినట్టున్నాయి. పది నిమిషాల పని. లోపల అంతా క్షేమం, పోయింది బయటి కాయిల్ వైరు. చూస్తే దాని మీద పళ్ళ గాట్లు. వైరు కొరికిన నేరస్తురాలు అక్కడే ఫోన్లో బొమ్మలు చూస్తోంది. ఆ పది నిమిషాల కోసం నేను ఈ టెస్టుకి ఏ రేటు అడిగినా ఇచ్చేవాణ్ణి.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. ఆపరేషన్ రోజు తీసిన ఎన్‌ఆర్‌టీ ప్రింటు అడిగి తీసుకోండి, మాకు అడగాలని తెలియక ఆర్నెల్లు తిరిగాం. తర్వాత ఎప్పుడేం జరిగినా పోల్చుకోవడానికి అదే ఆధారం. ఇంకోటి, మ్యాపింగ్‌కి వెళ్ళినప్పుడు పిల్ల నిద్ర, తిండి అయ్యేట్టు చూసుకోండి. నరానికి ఆకలి తెలియదు గానీ గోళీలు వేయాల్సింది పిల్ల.

స్టార్లు. ఎన్‌ఆర్‌టీ టెస్టుకి నాలుగున్నర. అర ఎందుకు తగ్గించానంటే, ఆ ఆటో బటన్ అంత నున్నగా ఉండకూడదు. మొదటి సెంటర్‌కి ఒకటి, అదీ ఏసీకి. విజయవాడ మేడంకి ఐదు. విరిగిన కుర్చీ సంగతి ఆవిడకి చెప్పాను, పోయిన నెల వెళ్ళేసరికి ఇంకా అలాగే ఉంది. ఈసారి మా షాపులోంచి రెండు ప్లాస్టిక్ కుర్చీలు రైల్లో పట్టుకెళ్తున్నాను.